ముప్పై సెకన్ల లెక్క నమ్మకు, అల్లుడా

చిరంజీవి అల్లుడికి హన్మకొండ నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పాత జానపద క్యాసెట్ల మీద వీడియోలు చేస్తానన్నావు. పాట బిట్ వేసి, క్యాసెట్ కవరు చూపించి, ఆ పాట ఏ ఊళ్లో పుట్టి ఎట్లా మారుకుంటూ వచ్చిందో చెప్తానన్నావు. సంతోషం. అవే పాటలకు డీజే బీట్ కలిపి ఇంకో వీడియో కూడా వదులుతానన్నావు. "ముప్పై సెకన్లలోపు వాడుకుంటే ఏం కాదంట కదా మామా" అని చివర్లో అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చొని రాస్తున్నా.

ముప్పై సెకన్ల రూలు మన కాపీరైట్ చట్టంలో లేదు, అమెరికా చట్టంలోనూ లేదు. ఇంగ్లీషు వికీపీడియా వాళ్లు మాత్రం పాట బిట్ ముప్పై సెకన్లో, పాట నిడివిలో పదో వంతో, ఏది తక్కువైతే అది దాటొద్దని పెట్టుకున్నారు. అది వాళ్ల ఇంటి కట్టుబాటు. మన మీద కేసు పడితే అది అక్కరకు రాదు. 2008లో బొంబాయి హైకోర్టు ఒక హిందీ సినిమా విడుదలను ఆపింది. యాడ్ కోసం ఒకాయన కట్టిన చిన్న ట్యూను ఆ సినిమా పాటల్లోకి వచ్చిందని గొడవ. కొన్ని సెకన్ల ముచ్చటే. కానీ పాటకు ప్రాణం ఆ ట్యూనులోనే ఉందని కోర్టు చూసింది. చివరికి సినిమావాళ్లు సొమ్ము కట్టి రాజీ పడ్డారు. మళ్లీ 2012లో, ఒక గాయని టీవీ షోలో మాటల మధ్య సినిమా పాటల లైన్లు కొన్ని పాడితే, ఇంత స్వల్పమైన దానికి కేసు నిలవదని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అంటే గడియారం పట్టుకొని కొలిచేది కాదు ఇది.

నేనేమీ పుట్టుకతోనే బుద్ధిమంతుణ్ణి కాదు, నీకు తెలుసు. చౌరస్తా దగ్గర నా షాపులో ఖాళీ క్యాసెట్ తెచ్చి, పాటల లిస్టు రాసిస్తే సాయంత్రానికల్లా రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. ఊరంతా చేస్తున్నదే అనుకున్నా. ఒకరోజు ఒక కంపెనీ మనుషులు పోలీసులను వెంటబెట్టుకొని వచ్చి రెండు రికార్డింగ్ డెక్కులు, డబ్బాల కొద్దీ క్యాసెట్లు పట్టుకుపోయారు. కాపీరైట్ చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉందని ఆనాడే తెలిసింది. మీ అత్త గాజులు కుదువ పెట్టి బయటపడ్డా. ఆ డెక్కులు మళ్లీ నా చేతికి రాలేదు, అది వేరే కథ.

అందుకే ఇప్పుడు ఏ బిట్ చూసినా నన్ను నేను ఒకటే అడుగుతా: నేను ఈ పాట గురించి మాట్లాడుతున్నానా, ఈ పాట భుజాలెక్కి ఊరేగుతున్నానా? బిట్ తీసేస్తే నీ మాట అర్థం కాకుండా పోవాలి. అట్లయితే దానికి అక్కడ పనుంది. బిట్ తీసేస్తే నీ వీడియో చూసేవాడే ఉండడనుకో, నువ్వు అమ్ముతున్నది వాళ్ల సరుకే.

అనుమతి లేకుండానే కొంత వాడుకోవచ్చనే వెసులుబాటును ఫెయిర్ యూజ్ అంటారు, అది అమెరికా మాట. అక్కడ నాలుగు చూస్తారు: ఎందుకు వాడావు, వాడింది ఎట్లాంటి రచన, ఎంత వాడావు, దానివల్ల అసలువాడి బేరం దెబ్బతిన్నదా. మన 1957 కాపీరైట్ చట్టంలో అట్లాంటిదే ఉంది, దాని పేరు ఫెయిర్ డీలింగ్. అది ఇంకా ఇరుకు. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్త. వీటిలో ఏదో ఒక గదిలో నీ పని ఇమడాలి. 2012 సవరణకు ముందైతే ఈ వెసులుబాటు రికార్డింగులకు వర్తించేదే కాదు, ఆ ఏడు "ఏ రచనైనా" అని మార్చారు. నీ అదృష్టం.

నీ మొదటి వీడియో సమీక్ష గదిలో పడుతుంది, చేసే తీరు చూసుకుంటే. బతుకమ్మ పాటలో "ఉయ్యాలో" దగ్గర పాడినామె గొంతు ఎట్లా సాగుతుందో చెప్పాలంటే ఆ లైనే వెయ్యి, ఆపు, మాట్లాడు. నువ్వు మాట్లాడినంత సేపూ వెనకాల పాట మోగుతుంటే అది సమీక్ష కాదు, అలంకారం. డీజే వీడియోకు ఏ గదీ లేదు. ఆ రికార్డింగును కోసి బీటు కలపాలంటే అనుమతి కావాల్సిందే.

"జానపదం ఎవడి సొత్తు మామా" అంటావు. తాతల నాటి పాట ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ దాన్ని పాడించి తీసిన రికార్డింగుకు, విడుదలైన ఏడాది పోను అరవై ఏళ్ల హక్కు ఉంటుంది. 1964లో వచ్చిన రికార్డు మీద హక్కు 2024తో తీరిపోయింది. 1995 నాటి క్యాసెట్ 2055 దాకా ఒకరి చేతిలోనే ఉంటుంది. పైగా జానపదమని అట్ట మీద వేసినవాటిలో సగం ఎవరో కూర్చొని రాసినవే. రాసినాయన పోయాక ఇంకో అరవై ఏళ్లు ఆ మాటల హక్కు ఆయన వారసులది. పాత బాణీ మీద నువ్వే ఒక అమ్మతో కొత్తగా పాడించుకుంటే ఈ తలనొప్పే లేదు. డీజేకు నేను చెప్పే దారి అదే.

ఇక కవరు. ఆ పాట గురించి చెప్పేటప్పుడు ఆ క్యాసెట్ ఇదీ అని చిన్నగా చూపించడంలో నాకు తప్పు కనిపించదు. దాన్నే పెద్దది చేసి, అంచులు కత్తిరించి, నీ ఛానల్ పేరు రాసి థంబ్‌నెయిల్ చేశావంటే అది నీ దుకాణం బోర్డు అయిపోయింది. ఇంకో మెలిక ఉంది. బొమ్మ గీసిన ఆర్టిస్టు నాకు తెలుసు, ఆయన సరే అన్నాడు అంటావేమో. డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాడే మొదటి హక్కుదారు. ఆర్టిస్టుకు మిగిలేది తన పేరు చెప్పమనే హక్కు, బొమ్మను పాడుచేస్తే అడిగే హక్కు. కాబట్టి ఆయన పేరు వెయ్యి, అనుమతి మాత్రం క్యాసెట్ వేసినవాణ్ణి అడుగు.

వీడియో కింద "కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు" అని రాసుకోవడం దండగ. యూట్యూబ్‌లో క్లెయిమ్, అంటే ఈ పాట మాదని హక్కుదారు చెప్పుకోవడం, పడితే బెదరకు, ఎక్కువసార్లు యాడ్ డబ్బు అవతలివాడికి పోతుంది, అంతే. వీడియోనే తీయించి స్ట్రైక్, అంటే ఛానల్ మీద హెచ్చరిక, వేస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానల్ లేచిపోవచ్చు.

అనుమతి నోటిమాటగా తీసుకోకు, కాగితం రాయించు. కాలం రాయకపోతే చట్టం ప్రకారం అది ఐదేళ్లే. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే ఇండియా వరకే. నీ వీడియో దుబాయిలో మనోళ్లు కూడా చూస్తారు కదా, "ప్రపంచమంతటా, ఇంటర్నెట్‌తో సహా" అని స్పష్టంగా పెట్టు. ఏ పాట, ఎంత సొమ్ము, బీటు కలపొచ్చా లేదా అన్నది కూడా.

నీ లిస్టులో మూడో క్యాసెట్ వేసినాయన పరకాలలోనే ఉన్నాడు. అప్పట్లో నా షాపుకు సరుకు ఇచ్చేవాడు, కోపిష్టి గానీ మనిషి మంచోడు. ఆదివారం పొద్దున బండి తీసుకొని రా, ఎండ ముదరకముందే పోయొద్దాం. కాగితం నేను రాసి పెడతా, నువ్వు ఆ కవరు ఫోటో ప్రింటు తీసుకురా.

మీ మామయ్య