అయిరీన్‌ని ఎవరూ కాపాడక్కర్లేదు

విజయనగరం

చిట్టీ,

నువ్వు షెర్లాక్ హోమ్స్ కథని నాటకంగా రాస్తున్నావనీ, దసరాలయ్యాక మన ఆనందగజపతి ఆడిటోరియంలో వేస్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి టెన్షనంతా ఖర్చు గురించి. నాకు మాత్రం సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న సంగతులు. హాలు రసీదు నీ దగ్గరే ఉంచుకో. మైకు ఒకరోజు ముందే పెట్టించి చూసుకో. రిహార్సల్ రాత్రి తొమ్మిది దాటితే ఒక్కదానివే ఆటో ఎక్కొద్దు, ఫోన్ చెయ్యి, నేనే వస్తాను. నాటకం కోసం నగలు తాకట్టు పెట్టావని తెలిసిందో, అందరి ముందూ తిడతాను.

ఇక అసలు సంగతి. నువ్వు తీసుకున్నది 1891లో కానన్ డాయిల్ రాసిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'. రాజుని జమీందారుగా, అయిరీన్ ఆడ్లర్‌ని మన ఊరి గాయనిగా మార్చావట. బాగుంది. కానీ ఆ కథలో ఆవిడ ఏం చేసిందో ఇంకోసారి చదువు. రాజుని పైసా అడగలేదు. అతనితో దిగిన ఫొటో మాత్రం ఇవ్వనంది. రాజు పురమాయించిన హోమ్స్ ఉత్తుత్తి నిప్పు గోల సృష్టించి ఫొటో ఎక్కడుందో కనిపెట్టాడు. ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చింది. మగవేషం వేసుకుని అతని గుమ్మం దాకా వెళ్ళి, 'గుడ్ నైట్ మిస్టర్ షెర్లాక్ హోమ్స్' అని మరీ వచ్చింది. మర్నాడు హోమ్సూ రాజూ వచ్చేసరికి భర్తతో దేశం దాటేసింది. రాజు ఉంగరం ఇవ్వబోతే హోమ్స్ వద్దని, ఆవిడ వదిలివెళ్ళిన సొంత ఫొటో అడిగి పుచ్చుకున్నాడు.

మరి ఇప్పటివాళ్ళు? 2009 'షెర్లాక్ హోమ్స్' సినిమాలో ఆవిడని, హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీ చెప్పుచేతల్లో ఉండే దొంగని చేశారు. 2011లో వచ్చిన రెండో భాగంలో మొదట్లోనే చంపేశారు. 2012లో బీబీసీ 'షెర్లాక్' సీరియల్ ఎపిసోడ్‌లో తెలివీ తెగువా అన్నీ ఇచ్చి, హోమ్స్ మీద మనసు పడ్డందుకే ఓడించారు. ఆఖర్న తల తెగబోతుంటే కరాచీలో అతనే కాపాడతాడు. విక్టోరియా రాణి కాలంలో గెలిచిన మనిషి మన కాలానికొచ్చి ఓడిపోవడం నాకు మింగుడుపడదు. అమెరికా టీవీ సీరియల్ 'ఎలిమెంటరీ'లో ఏకంగా ఆవిడే మోరియార్టీ. తెలివికి లోటు లేదు, కానీ తన బతుకు తనని బతకనిమ్మన్న మనిషి అందులో లేదు. 1984 గ్రెనడా సీరియల్‌లో మొదటి ఎపిసోడ్ చూడు, కథ చెడలేదు.

అగాథా క్రిస్టీ కథల్లో పెళ్ళి చేసుకోని ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌నీ వదల్లేదు. 2004లో మొదలైన టీవీ సీరియల్‌లో పడుచుతనంలో ఆవిడకి పెళ్ళయిన సైనికుడితో ప్రేమ అతికించారు. పెళ్ళి చేసుకోని ఆడదానికి ఏదో విరహం ఉండి తీరాలా? ఈ ఊళ్ళో నన్ను ఎంతమంది అడిగారో ఆ ప్రశ్న! అదే మిస్ మార్పుల్ కథతో రితుపర్ణ ఘోష్ తీసిన 2003 బెంగాలీ సినిమా 'శుభో మహురత్' చూడు. అందులో రాఖీ వేసిన మేనత్త ఇంట్లో కూర్చునే హత్య కేసు తేలుస్తుంది. మన దేశానికి తెచ్చుకోవడమంటే అది.

నా బెంగకి కారణం చెప్తాను. నేను కన్యాశుల్కంలో మధురవాణి వేసే రోజుల్లో మా ట్రూపు డైరెక్టరు ఒకాయన ఆఖరి అంకం మార్చేశాడు. నీకు తెలుసుగా, ఆవిడ కూడా మగవేషంలోనే సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. లుబ్ధావధాన్లని బయటపడేసే దారి చెప్పడానికి ముద్దు అడుగుతుంది. ఆయన సరేనన్నాక తనే ఆపేస్తుంది, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని అమ్మ చెప్పిందంటుంది. అక్కడ ఆయనకంటే ఎత్తున నిలబడుతుంది. మా డైరెక్టరు ఆ మాట కొట్టేసి, నన్ను ఆయన కాళ్ళ మీద పడి ఏడవమన్నాడు. 'జనానికి ఆడది ఏడిస్తేనే పడుతుందమ్మా' అన్నాడు. వద్దని పోట్లాడాను, వినలేదు. జిగురు మీసం సగం ఊడి, తలపాగా జారి, నేల మీద పడి ఏడ్చాను. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లే నన్ను భయపెట్టాయి. తర్వాత ఒక పెద్దాయన గ్రీన్‌రూమ్ గుమ్మంలో నిలబడి, 'మధురవాణి మాట ఏదమ్మా, మింగేశారేం?' అని అడిగారు. గురజాడ ఊరు కదా, నాటకం నోటికి వచ్చినవాళ్ళుంటారు. నా దగ్గర జవాబు లేదు.

నీ దగ్గరకీ వస్తారు చిట్టీ, ఎంతో ప్రేమగానే వస్తారు. చిన్న లవ్ ట్రాక్ పెడదామంటారు. డిటెక్టివ్ వచ్చి ఆఖర్న కాపాడితే బాగుంటుందంటారు. అప్పుడు గెలిచిందెవరని అడుగు. ముఖ్యంగా అయిరీన్ భర్త గాడ్‌ఫ్రీ నార్టన్‌ని తీసెయ్యకు. ఆవిడ తనకి నచ్చిన లాయర్ని పెళ్ళి చేసుకుంది, ఆ పెళ్ళికి మారువేషంలో ఉన్న హోమ్సే సాక్షి. కొత్తవాళ్ళు ఆ భర్తని పక్కకి నెట్టింది ఆవిడని హీరోకి మిగల్చడానికే.

మగవేషానికి అద్దె కోటు తేవద్దు, భుజాలు వేలాడతాయి. ఆ అమ్మాయి కొలతలు పంపు, మన టైలరుతో కుట్టిస్తాను, డబ్బులు నేనిస్తాను. ఆదివారం స్క్రిప్టు పట్టుకురా. ముందు ఆఖరి సీను చదువుతాను, తర్వాతే భోజనం.

మీ అత్త