వాదన సరే, అమ్మ సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 36. చిన్నప్పటి నుంచి గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ అంటే ప్రాణం. మొన్న భోజనాల దగ్గర ఆయన మాట వస్తే, "ఇంట్లో ఎలా ఉంటే మనకెందుకు, ఆట చూడాలి గానీ" అన్నాను. అమ్మ గరిటె గిన్నెలో వదిలేసి, "మీ నాన్న విషయంలోనూ అందరూ ఇదే అన్నారు" అంటూ లోపలికి వెళ్లిపోయింది. నాన్న తల ఎత్తలేదు. మూడు వారాలుగా అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. నాన్న పదిమందికి సాయం చేసిన మనిషి, అందరూ గౌరవిస్తారు. ఆ గొడవ ఎప్పుడో పాతికేళ్ల కిందటిది. ప్రతిభను, వ్యక్తిగత జీవితాన్ని వేరుగా చూడటం తప్పా?

జవాబు: తప్పేం కాదు, నిక్షేపంగా చూసుకోండి. అయితే వుడ్స్ అమ్ముకున్నది ఒక్క ఆటే కాదు. యాక్సెంచర్ లాంటి కన్సల్టింగ్ కంపెనీ ఏళ్ల తరబడి ప్రకటనల్లో వాడుకున్నది ఆయన నిలకడని. 2009 నవంబరులో ఇంటి ముందు కారు ప్రమాదమై, ఒక్కో వివాహేతర సంబంధం బయటపడేసరికి డిసెంబరులోనే ఆ కంపెనీ తప్పుకుంది. నైకీ ఉండిపోయింది. 2019లో ఆయన మళ్లీ మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిస్తే జనం చప్పట్లు కొట్టారు. కొడతారు మరి, వాళ్ల కాపురం ఏమీ కూలలేదుగా!

ఇక అసలు సంగతికి వద్దాం. నాన్నగారి మంచితనం రాశారు, గౌరవం రాశారు. అమ్మ గురించి మాత్రం ఆవిడ కోపం తప్ప ఒక్క ముక్క లేదు. "ఎప్పుడో పాతికేళ్ల కిందటిది" అని లెక్క కట్టింది ఎవరండీ? మీరే కదా. ఆ పదిమంది ఇంటికొస్తే వండి వడ్డిస్తూ, ఆయనంత మంచివాడు లేడని వాళ్లంటుంటే విన్నది ఆవిడ. ఇప్పుడదే మాట కడుపున పుట్టినవాడి నోటా విన్నది. సర్దుకుపోయిన ఆడదాన్ని చూసి మరిచిపోయిందనుకునే మగపిల్లలంటే నాకు ఒళ్లు మంట. దాచుకోను.

మీ అభిమాన ఆటగాడే 2010 ఫిబ్రవరి 19న టీవీలో క్షమాపణ చెప్పాడు. మామూలు నియమాలు తనకు వర్తించవని అనుకున్నానని ఒప్పుకున్నాడు. భార్య ఎలిన్ ఆ గదిలో లేదు, ముందు వరసలో వుడ్స్ తల్లి కూర్చుంది. మాటలు ముగించి నేరుగా ఆవిడ దగ్గరికెళ్లి వాటేసుకున్నాడు. ఆరు నెలలకు విడాకులయ్యాయి, అది వేరే సంగతి.

నాన్నగారిని నిలదీయకండి, అది వాళ్లిద్దరి మధ్య లెక్క. ఆయన ఇంట్లో లేనప్పుడు అమ్మ పక్కన కూర్చోండి. "ఆ రోజుల్లో నీ తరఫున ఎవరైనా మాట్లాడారా అమ్మా?" అని అడగండి. చెప్పకపోయినా చప్పున లేచిపోవద్దు. చెబితే మధ్యలో "నాన్న కూడా పాపం" అని మాత్రం అనకండి.