మదామా బటర్‌ఫ్లై: రెండు అంకాలా, మూడా?

పుచ్చీని స్వరపరచిన ఒపేరా (పాటలతో నడిచే నాటకం) 'మదామా బటర్‌ఫ్లై' గురించి అడిగారు. మీ లిబ్రెటో (ఒపేరా మాటల పుస్తకం) ఒక కూర్పుది, వీడియో ఇంకో కూర్పుది అయి ఉండొచ్చు. పుస్తకంలో రెండే అంకాలు, వీడియోలో మూడు, తొలి ప్రదర్శనకు 1904లోనే రెండు తేదీలు అన్నారు కదా. అన్నిటికీ కారణం ఒకటే: పుచ్చీని దీన్ని మళ్లీ మళ్లీ మార్చాడు.

1. 1904 ఫిబ్రవరి 17, ఇటలీ, మిలన్‌లోని లా స్కాలా ఒపేరా థియేటర్: రెండు అంకాలు. ప్రేక్షకులు ఈలలు, కేకలతో గోల చేశారు. పుచ్చీని మర్నాడే ఆపేయించాడు.
2. అదే ఏడు మే 28, ఇటలీలోనే బ్రెషియా నగరం: పొడవాటి రెండో అంకాన్ని విడదీసి విరామం పెట్టాడు. ఈసారి హిట్.
3. ఆ తర్వాతా మార్పులే. ఇప్పుడు ఎక్కువగా ఆడేది 1907 నాటి కూర్పు.

అందరూ అంకాలు లెక్కపెట్టి ఆగిపోతారు. ఆ లెక్క నమ్మొద్దు. రెండో అంకంలోని రెండు భాగాలనే కొందరు రెండో, మూడో అంకాలుగా అచ్చేస్తారు. బటర్‌ఫ్లైని పెళ్లాడి వదిలేసిన అమెరికన్ నౌకాదళ అధికారి పింకర్టన్ చివర్లో పశ్చాత్తాపంతో పాడే 'అద్దియో, ఫియొరీతో అసీల్' ఉందా చూడండి. అది బ్రెషియాలో చేర్చిన పాట. లేకపోతే మీ పుస్తకం మిలన్ కూర్పే. (ఆ పాట లేని పింకర్టన్ మరీ పచ్చి స్వార్థపరుడు. నాకు అతనే నచ్చాడు!)

మిలన్ కూర్పుతో కలిపి చదవాలంటే, రికార్డో షాయీ సంగీత నిర్వహణలో 2016 డిసెంబరులో లా స్కాలా వేసిన ప్రదర్శన వీడియో వెతకండి.