గుర్రాల ట్రాక్‌ను పొలంలా దున్నకండి

ప్రశ్న: నాలుగెకరాల్లో కూరగాయలు మానేసి ఏడు గుర్రాలు పెంచుతున్నాం. స్వారీ నేర్పుతాం, రేసులు మానేసిన గుర్రాలను తెచ్చి సాకుతాం. రెండేళ్ల కిందట 600 మీటర్ల చుట్టు ట్రాక్ వేశాం, వెడల్పు 6 మీటర్లు. కింద మొరం తొక్కించి పైన నాలుగు అంగుళాలు వాగు ఇసుక పోశాం. ఎండాకాలం సిమెంటులా గట్టిపడుతోంది, వానాకాలం బురద. గట్టిపడినప్పుడల్లా ట్రాక్టర్‌కు కల్టివేటర్ కట్టి దున్నిస్తున్నాం. ఈ మధ్య మూడు గుర్రాలకు ముందు కాళ్ల నరం వాచింది, ఒక చిన్న గుర్రం కుంటుతోంది. ఇంకో 20 టిప్పర్ల ఇసుక పోయించమంటారా, లేక సింథటిక్ ట్రాక్ వేయించమంటారా? మా తమ్ముడు ముధోల్ కుక్కల్ని కూడా అదే ట్రాక్ మీద పరిగెత్తిస్తానంటున్నాడు, పర్వాలేదా?
– ఒక రైతు, మొయినాబాద్ మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఇసుకకు ఆర్డర్ ఇచ్చి ఉంటే ముందు ఆపించండి. మీ ఉత్తరంలో అసలు సంగతి ఇసుకలో లేదు, కల్టివేటర్‌లో ఉంది.

నేను నేలల శాస్త్రం చదివినవాణ్ని. అడుగున గట్టి పొర ఉంటే వేరు దిగదు, నీరు దిగదు, లోతుగా దున్ని పగలగొట్టండి అని ఏళ్ల తరబడి రైతులకు చెబుతూ వచ్చాను. మీకు మాత్రం దానికి పూర్తిగా ఎదురు చెప్పాల్సి వస్తోంది. గుర్రాల ట్రాక్‌లో ఆ గట్టి పొరే ప్రాణం. పైనున్న మూడు నాలుగు అంగుళాల ఇసుక పరుపు అయితే, కింది మొరం మంచం. మంచం పట్టీలు విరిగితే పైన ఎన్ని పరుపులు వేసినా నడుం పట్టేస్తుంది.

కల్టివేటర్ గొర్రు పళ్లు ఆరు అంగుళాలు సులువుగా దిగుతాయి. మీ ఇసుక నాలుగు అంగుళాలే. అంటే దున్నిన ప్రతిసారీ మొరం చీలుతోంది. చీలిన మొరంలోని సన్న మట్టి పైకొచ్చి ఇసుకలో కలిసింది. మీరు వేసినప్పుడు బురద కాని ఇసుక ఇప్పుడు బురద అవుతోందన్నా, ఎండకు అచ్చు కడుతోందన్నా కారణం అదే. ట్రాక్ మీద ఎర్రటి గులకరాళ్లు కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. కింద చీలికల్లో నీరు నిలిచి అక్కడక్కడ మెత్తబడుతుంది, పక్కనే చీలని చోట రాయిలా ఉంటుంది.

గుర్రానికి ప్రమాదం ఇక్కడే. నేల కాస్త గట్టిగా ఉన్నా, కాస్త మెత్తగా ఉన్నా గుర్రం నడక సర్దుకుంటుంది. ఒకే చుట్టులో ఒక అడుగు గట్టి నేల మీద, మరో అడుగు గుంటలో పడితే సర్దుకోలేదు. నిలబడ్డప్పుడే గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది. దౌడు తీసేటప్పుడు ఒక్క ముందు కాలి మీదే శరీర బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. 450 కిలోల గుర్రమైతే టన్నుకు పైమాటే. మీరు నరం అని రాసింది టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది. లోతైన వదులు ఇసుకలో అది సాగిపోతుంది. గట్టి నేల మీదైతే దెబ్బ ఎముకకు, కీళ్లకు తగులుతుంది. కుంటుతున్న చిన్న గుర్రానికి రెండు మూడేళ్లే అయితే మోకాలి కింద ముందు వైపు ఎముక తడిమి చూడండి, నొప్పికి కాలు లాక్కుంటుందేమో. వాపున్న మూడింటినీ, దీన్నీ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చూపించండి. టెండన్ ఎంత దెబ్బతిందో చేత్తో తడిమితే పూర్తిగా తెలియదు, స్కానింగ్ తీయాలి. అప్పటిదాకా కాలి మీద చన్నీళ్ల పైపు 15–20 నిమిషాలు పట్టండి, పరుగు పూర్తిగా మాన్పించండి. వాపు తగ్గింది కదా అని వారానికే ఎక్కించొద్దు. వాపు తగ్గడం వేరు, తాడు అతుక్కోవడం వేరు.

ఇక ట్రాక్ సంగతి. ఒక ఇనుప చువ్వ తీసుకుని సెంటీమీటర్ల గుర్తులు పెట్టండి. ప్రతి 50 మీటర్లకు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున గుచ్చి, గట్టి పొర తగిలేదాకా ఎంత దిగిందో రాసుకోండి. మొత్తం 36 కొలతలు, గంట పని. లోపలి అంచున ఇసుక పలచగా, బయట మందంగా తేలుతుందని నా అంచనా. గుర్రాలు లోపలి కంచె పట్టుకుని పరిగెడతాయి, గిట్టలతో ఇసుకను బయటికి తన్నేస్తాయి. చువ్వ ఎక్కడైనా 12 సెంటీమీటర్లు దాటి దిగితే అక్కడ మొరం పోయినట్టే.

ఆ చోట్ల పైన ఇసుక పోసి కప్పేయకండి. అందరూ చేసే పని అదే, చూడ్డానికి నున్నగా ఉంటుంది, గుంట అలాగే ఉంటుంది. ఇసుకను పక్కకు లాగి, అదే రకం మొరంతో గుంట నింపి, నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కించి, ఆ తర్వాతే ఇసుక మళ్లీ పరవండి. మీ వైపు కొన్ని చోట్ల రేగడి ఉంది, చేతికి అందుతోంది కదా అని దాన్ని నింపొద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే పగుళ్లిచ్చే మట్టి ట్రాక్ కిందికి పనికిరాదు. పనిలో పనిగా వాలు కూడా చూసుకోండి. తిన్నగా ఉన్న భాగంలో బయటి అంచు నుంచి లోపలికి 2 శాతం, అంటే 6 మీటర్ల వెడల్పుకు 12 సెంటీమీటర్లు చాలు. మలుపుల్లో 30 సెంటీమీటర్ల దాకా పెట్టొచ్చు. లోపలి అంచు వెంబడి కాలువ లేకపోతే ఈ వాలంతా వృథా.

కల్టివేటర్‌ను పొలానికి పంపేయండి. ట్రాక్‌కు కావాల్సింది దంతె. పళ్లు 6 సెంటీమీటర్లకు మించి దిగకుండా రెండు పక్కలా చక్రాలో, జారుడు పట్టీలో పెట్టించండి. మీ దగ్గర వెల్డింగ్ షాపులో చేసిస్తారు. వెనక ఒక బరువైన పలక వేలాడదీస్తే గీతలు చదునవుతాయి. గుర్రాలు ఎక్కిన ప్రతిరోజూ ఒకసారి, ట్రాక్టర్ నడక వేగానికి కాస్త ఎక్కువలో, వారంలో కనీసం రెండుసార్లు బయటి నుంచి లోపలికి ఇసుక లాగేలా తిప్పాలి. వేగంగా తిప్పితే దంతే ఇసుకను బయటికి విసురుతుంది. పేడ ఏ రోజుది ఆ రోజు ఎత్తేయండి, ఇసుకలో నలిగితే దుమ్మవుతుంది.

నీటి లెక్క చెబితే మీకు టెన్షన్ వస్తుందేమో. మీ ట్రాక్ 3,600 చదరపు మీటర్లు, ఒక్క మిల్లీమీటరు తడికి 3,600 లీటర్లు కావాలి. మే నెలలో మన దగ్గర తొట్టిలో నీరు రోజుకు 10 మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుంది. అంత తడీ తిరిగి ఇవ్వాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు పైనే. ప్రతి బోరూ అంత ఇవ్వలేదు, ఇవ్వనక్కర్లేదు కూడా. సాయంత్రం చల్లి, దంతె తిప్పి, తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే గుర్రాల పని ముగించండి. సరిపోయిందో లేదో పిడికిలి చెబుతుంది. ఇసుక గుప్పిట్లో బిగించి తెరిస్తే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే విరగాలి. గుర్రం హాయిగా పరిగెత్తిన రోజున ఆ ఇసుక 110 గ్రాములు తూచి, పెనం మీద ఎండబెట్టి మళ్లీ తూచండి. 100 గ్రాములు వస్తే తడి 10 శాతం. మీ ఇసుకకు సరైన తడి ఆ రోజు వచ్చిన అంకే, నేను ఇక్కడ కూర్చుని చెప్పే అంకె కాదు.

వాన వస్తుందని తెలిస్తే ట్రాక్ మూసేయాలి. దంతె కాదు, పలక లేదా తేలికపాటి రోలర్ తిప్పి పైభాగం నున్నగా అణచాలి. నీరు లోపలికి దిగకుండా వాలున జారిపోతుంది. వాన వెలిశాక అణచిన ట్రాక్ మీద దౌడు వద్దు, అది రోడ్డుతో సమానం. కాస్త ఆరాక పైపైన రెండు సెంటీమీటర్లు, మర్నాడు నాలుగు, అలా మెల్లగా తెరవండి.

ఇప్పుడున్న ఇసుకలో మట్టి ఎంత కలిసిందో ఒక గాజు సీసా చెబుతుంది. మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సోడా వేసి బాగా గిలకొట్టి పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది, దాని మీద సన్న మట్టి పేరడానికి ఒక రోజు పడుతుంది. మట్టి పొర మొత్తంలో పదో వంతు లోపు ఉంటే మీ ఇసుక ఉంచుకోవచ్చు. అంతకన్నా బాగా ఎక్కువైతే పై ఇసుక మార్చాల్సిందే, కానీ మొరం బాగుచేసిన తర్వాతే. ఆ కొంచెం మట్టి అవసరమే. గుండ్రటి వాగు ఇసుక ఒక్కటే ఉంటే గిట్ట కింద గోళీల్లా జారుతుంది.

సింథటిక్ గురించి నా మాట: వద్దు. మైనం పూసిన ఇసుకలో పీచు, రబ్బరు ముక్కలు కలిపి చేసే సరుకు అది. మైనం మన ఎండలకు మెత్తబడుతుంది. ఖర్చు సంగతి మీకే తెలుసు. కాలిఫోర్నియాలోని శాంటా అనిటా రేసు మైదానం 2007లో మట్టి తీసేసి సింథటిక్ వేసింది, వాన నీరు సరిగా దిగక అవస్థలు పడి 2010లో మళ్లీ మట్టికే వచ్చింది. అలాగని మట్టి వేస్తేనే సరిపోదు: అక్కడే 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ దాకా సాగిన సీజన్‌లో 30 గుర్రాలు చనిపోయాయి. ఆ చలికాలం వానలు బాగా పడ్డాయి, మార్చిలో ట్రాక్ మూసి పరీక్షించారు. ట్రాక్ ఒక్కటే కారణమని తేలలేదు. దుబాయ్‌లోని మేదాన్ కూడా 2010లో సింథటిక్‌తో మొదలై, కొన్నేళ్లకే మట్టికి మారింది. అంత డబ్బున్నవాళ్లే వెనక్కి వచ్చారు.

కుక్కల విషయం వేరు. పందెపు కుక్కలైన గ్రేహౌండ్ల ట్రాకులకు వాడే ఇసుక సన్నగా, ఎక్కువ తడిగా, బాగా అణచి ఉంటుంది. గుర్రాలు తొక్కిన వదులు ఇసుకలో కుక్కల వేళ్లు, గోళ్లు దెబ్బతింటాయి. ఎడమ వైపు తిరిగే మలుపుల్లో కుడి వెనక కాలి చీలమండ ఎముక విరగడం గ్రేహౌండ్లలో తరచూ చూసే గాయం. మీ తమ్ముడికి పక్కన వంద మీటర్ల తిన్నని పట్టీ ఒకటి వేరుగా వేసివ్వండి, మలుపు లేకుండా.

ఇంకొకటి, ఉత్తరంలో అడగలేదు గానీ: ట్రాక్ పక్కన ఇసుక నేల మీద గడ్డి పడేసి గుర్రాలకు మేపుతుంటే మానేయండి. గడ్డితో పాటు ఇసుక కడుపులోకి పోయి, పేగుల్లో పేరుకుని కడుపునొప్పితో గుర్రం పొర్లుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. గడ్డిని తొట్టిలోనో వలలోనో పెట్టండి.

వానలు పడేలోపు మొరం పని పూర్తి కావాలి. ఆ 36 కొలతలు, సీసా ఫొటో పంపితే ఇసుక మార్చాలా వద్దా చెబుతాను. ట్రాక్ మీది గులకరాళ్లు ఏరించే పని మాత్రం నా జవాబు కోసం ఆపకండి, రేపే మొదలుపెట్టండి.