డబ్బిచ్చి గీయించుకున్న లోగో ఎవరిది?

ప్రశ్న: విజయవాడలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పట్టి అమ్ముతున్నాను. అమెరికాకీ పంపుతాను. రెండేళ్ల కిందట ఒక డిజైనర్‌కి 18 వేలు ఫోన్‌పే చేసి లోగో చేయించుకున్నాను. సీసాల ఫొటోలు ఇంకో ఫొటోగ్రాఫర్‌తో తీయించాను. ఇప్పుడు ట్రేడ్‌మార్క్ చేయిద్దామంటే, లోగో హక్కులు తనవేనని, రాసివ్వడానికి మరో 10 వేలు కావాలని డిజైనర్ అంటున్నాడు. డబ్బంతా ఇచ్చేశాక ఇలా అడగొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడగొచ్చమ్మా. వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ ఇక్కడ చట్టం అతని వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవాడే దానికి మొదటి హక్కుదారు. మీ దగ్గర జీతానికి పనిచేస్తూ గీసి ఉంటే హక్కు మీదయ్యేది. అతను బయటి మనిషి. ఫోన్‌పే రసీదు మీరు డబ్బు ఇచ్చారని చెబుతుందే తప్ప, అతను హక్కు ఇచ్చాడని చెప్పదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కు చేతులు మారాలంటే కాగితం మీద అతని సంతకం ఉండాలి.

ఫొటోల గురించి దిగులు వద్దు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారివేనని అదే 17వ సెక్షన్ అంటోంది. లోగో కూడా పెయింటింగ్ లాంటిదేనని వాదించవచ్చు గానీ, ఆ వాదనను నమ్ముకుని వ్యాపారం నడపమని నేను చెప్పలేను.

అలాగని సీసాల మీద లోగో తీసేయక్కర్లేదు. ఏ పని కోసం డబ్బు తీసుకున్నాడో ఆ పనికి వాడుకోమన్నట్టే లెక్క.

నా మాట వింటే, బేరమాడి ఎంతో కొంత ఇచ్చి అసైన్‌మెంట్ డీడ్, అంటే హక్కు మీకు బదిలీ చేస్తున్నానని అతను సంతకం పెట్టిన పత్రం, రాయించుకోండి. అందులో రెండు మాటలు తప్పకుండా చూసుకోండి. ఎంతకాలమో రాయకపోతే హక్కు మీకు ఐదేళ్లే ఉంటుంది. హక్కు ఏయే దేశాల్లో చెల్లుతుందో రాయకపోతే ఇండియాకే పరిమితం, మీ అమెరికా పార్సిళ్లకు పనికిరాదు. అందుకే ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని రాయించండి. లోగో సోర్స్ ఫైళ్లు (మార్పులు చేసుకోవడానికి వీలుండే అసలు డిజైన్ ఫైళ్లు) కూడా అప్పుడే తీసుకోండి. డీడ్ రాసిచ్చాక కూడా ‘ఇది నేను గీసిందే’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద అతనికి ఉంటుంది, దానికి అడ్డు చెప్పకండి.

డీడ్ వచ్చేదాకా ట్రేడ్‌మార్క్ పని మొత్తం ఆపనక్కర్లేదు. బ్రాండ్ పేరు మీరు పెట్టుకున్నదే అయితే, ముందే ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికి చూసి, బొమ్మ లేకుండా ఉత్త పేరుకే వర్డ్ మార్క్ కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి.