న్యాయ సలహాలు: పేలిన కుక్కర్ ఇప్పుడెక్కడుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, కొన్న వస్తువుల వల్ల ఒంటికి తగిలిన గాయాల గురించినవే. చెన్నైలో ఇరవై రెండేళ్లుగా గాయపడినవారి పక్షాన మాత్రమే వాదిస్తున్న న్యాయవాదిగా వాటిలో నాలుగింటికి జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పెరంబూరు. మూడు నెలల క్రితం మా అత్తగారు కందిపప్పు ఉడికిస్తుండగా ప్రెషర్ కుక్కర్ మూత ఎగిరిపోయి గోడకు కొట్టుకుంది. ఆవిడ మెడ, ఛాతీ, కుడిచేయి కాలి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కుక్కర్ కొని పద్నాలుగు నెలలైంది, బిల్లు మావారి పేరున ఉంది. కంపెనీ మనిషి ఇంటికి వచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడి, కొత్త కుక్కర్ ఇచ్చి, పాతదాన్ని పరీక్షకని పట్టుకుపోతూ మావారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడు అడిగితే రబ్బరు మార్చకపోవడం మీ తప్పేనంటున్నారు. కేసు వేయవచ్చా? కోర్టుకెక్కితే పరువు పోతుందని మామగారు వద్దంటున్నారు.

జవాబు: కేసు వేయవచ్చమ్మా, వేయమనే నా సలహా. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది, పాత కుక్కర్‌ను వాళ్లు పట్టుకుపోయారన్న మాట. ఇటువంటి కేసుల్లో మొదటి సాక్షి ఆ వస్తువే. అది ఇప్పుడు ఎదుటివారి చేతిలో ఉంది.

కుక్కర్ ఎలా పనిచేస్తుందో చూస్తే నా ఆందోళన మీకు అర్థమవుతుంది. లోపల నీరు మామూలుగా మరిగే 100 డిగ్రీల దగ్గర ఆగకుండా దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఒత్తిడి మించితే వెయిట్ లేచి, విజిల్ వేసి, ఆవిరిని వదిలిపెడుతుంది. పప్పు పొంగి వెయిట్ కింది సన్నని గొట్టంలో అడ్డం పడితే ఆవిరికి ఆ దారి మూసుకుపోతుంది. అది ఏ ఇంట్లోనైనా జరిగేదే కాబట్టి మూత మీద సేఫ్టీ వాల్వు పెడతారు. వేడి హద్దు దాటితే అందులోని లోహపు బిళ్ల కరిగి ఆవిరికి వేరే దారి ఇవ్వాలి. సుమారు పదేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి, పేలిన కుక్కర్ మూతను కడగకుండా, పాత తువ్వాలులో చుట్టి, ఖాళీ బియ్యం డబ్బాలో దాచి ఉంచారు. తువ్వాలు విప్పితే గొట్టంలో పప్పు ఎండి రాయిలా బిగుసుకుని ఉంది. కంపెనీ తరఫు న్యాయవాది దాన్ని చూపించి, గొట్టం శుభ్రం చేసుకోకపోవడం ఆవిడ తప్పేనని వాదించారు. నేను పక్కనే ఉన్న సేఫ్టీ వాల్వును చూపించాను. అది కరగలేదు, కొత్తదానిలా మెరుస్తూ ఉంది. గొట్టం మూసుకుపోయినప్పుడు ఆదుకోవడానికే కదా ఆ వాల్వు ఉన్నది, సరిగ్గా ఆ సమయంలోనే అదెందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు వారి దగ్గర సమాధానం లేకపోయింది. ఆ బిళ్ల కరగవలసిన వేడికి కరగడం లేదని ప్రయోగశాల నివేదిక వచ్చింది. ఆవిడ మూతను తోమి ఉన్నా, పాత సామాన్లవాడికి వేసి ఉన్నా, ఆ కేసు అక్కడితో ముగిసిపోయేది.

కనుక ఈ వారంలోనే కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో లీగల్ నోటీసు పంపించండి. కుక్కర్‌ను ఉన్నది ఉన్నట్టు భద్రపరచాలని, మీ మనిషి సమక్షంలో తప్ప విప్పడం గాని పరీక్షించడం గాని చేయకూడదని, ఇప్పటికే పరీక్షించి ఉంటే నివేదిక నకలు ఇవ్వాలని అందులో కోరండి. వినియోగదారుల వివాదాలను విచారించే కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేసిన వెంటనే, ఆ కుక్కర్‌ను కమిషన్ ముందు పెట్టించి తగిన ప్రయోగశాలకు పంపమని అర్జీ పెట్టుకోవచ్చు. పోయిందని వాళ్లు చెబితే, తన దగ్గరున్న సాక్ష్యాన్ని బయటపెట్టనివాడికి అది వ్యతిరేకంగానే ఉండేదని అనుకోవచ్చునన్న పాత న్యాయసూత్రం మీకు తోడవుతుంది.

సంతకం పెట్టిన కాగితంలో ఏముందో చూడందే గట్టిగా చెప్పలేను. కొత్త కుక్కర్ అందిందని మాత్రమే ఉంటే భయం లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో వస్తువుకు కలిగిన నష్టం వేరు, మనిషికి కలిగిన గాయం వేరు. ఇకపై ఎటువంటి క్లెయిమూ చేయబోమని రాసి ఉంటే మాత్రం, ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉండగా, చదివి వినిపించకుండా సంతకం తీసుకున్న పరిస్థితిని తేదీలతో సహా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

చట్టం మీ వైపు బలంగానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం ప్రకారం, తయారీలోనో డిజైన్‌లోనో లోపం ఉందని, దానివల్లే గాయమైందని చూపితే చాలు. ఫ్యాక్టరీలో ఎవరు ఏ రోజు నిర్లక్ష్యం చేశారో మీరు వెతికి పట్టుకోనక్కరలేదు. వాడకంలో తగిన హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యతే కాబట్టి, రబ్బరు ఎప్పుడు మార్చాలో మీకిచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉందా, మీకు చదవడం వచ్చిన భాషలో ఉందా అన్నది చూడండి. దురుపయోగం చేశారనో, మార్పులు చేశారనో కంపెనీ అంటే దాన్ని రుజువు చేసుకోవలసింది కంపెనీయే. బయట కొన్న వేరే రకం వాల్వునో వెయిట్‌నో మీరు వాడి ఉంటే ఆ సంగతి మీ లాయరుకు ముందే చెప్పండి. అది దాచినందువల్ల ఓడిపోయిన కేసులు నేను చూశాను.

బిల్లు మీవారి పేరున ఉండడం అడ్డు కాదు. కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే. గడువు రెండేళ్లు. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే చోటనే, అంటే చెన్నై జిల్లా కమిషన్‌లోనే, ఫిర్యాదు చేయవచ్చు. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలన్నది ఇప్పుడు అడిగే పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి నిర్ణయిస్తారు. 50 లక్షల లోపు ధరకు జిల్లా కమిషన్, 5 లక్షల లోపు ధరకు ఫీజు అసలే లేదు. ఈ పద్ధతిని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. రెండు వేల రూపాయల కుక్కర్ వల్ల కాలినవారు ముప్ఫై లక్షలు అడిగినా ఫీజు కట్టకుండా జిల్లా కమిషన్ గడప ఎక్కగలగడం సామాన్యులకు ఎంతో మేలు చేసిన మార్పని నేను నమ్ముతాను.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీతో పాటు, ఇక్కడివారు ఏఆర్ కాపీ అనే యాక్సిడెంట్ రిజిస్టర్ నకలు అడిగి తీసుకోండి. చేరిన రోజున గాయం ఎలా అయిందని రాసుకున్నారో అదే మీ మాటకు ఆధారం. గాయాల ఫోటోలు పదిహేను రోజులకొకసారి తీయండి, ఎందుకంటే మచ్చ గట్టిపడి మెడ తిప్పలేకపోవడం వంటి బాధలు ఆరు నెలల తర్వాతే బయటపడవచ్చు.

మీ మామగారికి నా నమస్కారాలు చెప్పి, ఈ మాట చదివి వినిపించండి. అదే అచ్చులో పోసిన మూతలు ఇంకెన్ని వంటిళ్లలో పొయ్యి మీద ఉన్నాయో మనకు తెలియదు. కాలిన మనిషి నోరు విప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసే దారి లేదు. ఇందులో పరువు తక్కువ పని ఏదీ లేదు.

ప్రశ్న: అమెరికాలో కాఫీ ఒలికితే కోట్లు ఇచ్చారట. ఇలాంటి దావాలు మనుషుల్లో ఆశను పెంచి, పరిశ్రమలను దెబ్బతీయవా? — కోడంబాక్కం నుంచి ఒక ఇంజనీరు

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం. ఆ కేసును ఇరవై రెండేళ్లుగా అందరూ నాకు ఒక వెక్కిరింతగానే వినిపిస్తున్నారు, కానీ అందులో జరిగింది వేరు. 1992లో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో 79 ఏళ్ల వృద్ధురాలు ఆగి ఉన్న కారులో కూర్చుని, మెక్‌డొనాల్డ్స్‌లో కొన్న కాఫీ కప్పు మూత తీస్తుండగా అది ఒడిలో ఒలికింది. ఇంట్లో తాగే కాఫీకన్నా ఎంతో వేడిగా, 82 నుంచి 88 డిగ్రీల మధ్య దాన్ని అందించేవారు. ఆమె తొడలపై చర్మం లోపలి పొరల దాకా కాలిపోయి, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి, చర్మం అతికించుకోవలసి వచ్చింది. ఆమె మొదట అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఒప్పుకోలేదు. విచారణలో, అంతకు ముందు పదేళ్లలో అదే కాఫీతో కాలినవారి ఫిర్యాదులు 700కు పైగా కంపెనీ దస్త్రాల్లో ఉన్నట్టు బయటపడింది. జ్యూరీ ఆమె తప్పు కూడా 20 శాతం ఉందని తేల్చి, 2 లక్షల డాలర్ల పరిహారాన్ని లక్షా 60 వేలకు తగ్గించింది. శిక్షగా విధించిన 27 లక్షల డాలర్లను న్యాయమూర్తి 4 లక్షల 80 వేలకు కుదించారు. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

వార్తల్లో ఆ 27 లక్షలే మిగిలింది, 700 ఫిర్యాదులు మిగల్లేదు. మీరు ఇంజనీరు కాబట్టి అడుగుతున్నాను: మీ ఫ్యాక్టరీలో ఒకే భాగం గురించి ఏడువందల ఫిర్యాదులు వస్తే మీరు డ్రాయింగ్ మార్చరా? మార్చడానికి అయ్యే ఖర్చు, మార్చకుండా ఊరుకోవడానికి అయ్యే ఖర్చుకంటే ఎక్కువగా కనిపించినంత కాలం కొందరు మార్చరు. ఆ లెక్కను తిరగరాయగలిగేది పరిహారం భయమే.

మన దేశంలో అటువంటి మొత్తాలు రావు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన హ్యుందాయ్ క్రెటా కేసునే తీసుకోండి. ఢిల్లీ–పానిపట్ రహదారిపై ప్రమాదం జరిగినప్పుడు ముందరి ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న వేగం చాలలేదని కంపెనీ వాదించగా, వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడై ఉండాలని వినియోగదారుణ్ణి ఆశించకూడదని కోర్టు స్పష్టం చేసింది. నగదు రూపంలో అతనికి దక్కింది ఖర్చులతో కలిపి 3 లక్షల రూపాయలు, దానితో పాటు బండి మార్పిడి. దీన్ని ఆశపోతుతనం అనడానికి నాకు మనసు రాదు. కాలిన చర్మాన్ని కీల్పాక్కం ఆసుపత్రి వార్డులో ఒక్కసారి దగ్గరగా చూసినవారెవరూ ఆ మాట అనరని నా విశ్వాసం.

అయినా మీ సందేహంలో కొంత న్యాయం ఉంది. తప్పు తమదేనని తెలిసీ వచ్చేవారు ఉంటారు. మద్యం మత్తులో వస్తువును వాడి గాయపడినవారికి, ఎవరికైనా కనిపించే ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నవారికి చట్టమే మినహాయింపులు పెట్టింది. అటువంటివారిని నేను మొదటి రోజే వెనక్కి పంపిస్తాను, ఎందుకంటే ఒక బలహీనమైన కేసు ఓడిపోతే, దాని వెనకాల వచ్చే నిజమైన బాధితుణ్ణి కూడా అనుమానంగానే చూస్తారు.

ప్రశ్న: పరిహారంలో మూడో వంతు ఇస్తే చాలని, ముందుగా ఏమీ అక్కరలేదని ఒక లాయరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. అమెరికాలో ఆ పద్ధతి చెల్లుతుంది గాని, కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. ఇవ్వలేని స్థితిలో ఉంటే, స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా.

ప్రశ్న: టీ నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న లైటు బొమ్మలోంచి మా మూడేళ్ల బాబు చిన్న బిళ్ల బ్యాటరీ తీసి మింగాడు. దేవుడి దయవల్ల వెంటనే డాక్టర్లు తీసేశారు. నూట యాభై రూపాయల బొమ్మ, బిల్లు లేదు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మీరు వెంటనే పరుగెత్తారు కాబట్టి బిడ్డ దక్కాడు. ఆ బిళ్ల గొంతులో ఇరుక్కుంటే తడికి విద్యుత్తు ప్రవహించి, ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అందువల్లనే పిల్లల బొమ్మల్లో బ్యాటరీ గూడు చేతితో తేలిగ్గా ఊడిరాకూడదు.

ఫుట్‌పాత్ మీద అమ్మినవాడి మీద కేసు వేయమని నేను చెప్పను. అతను కూడా రోజు గడవడానికి ఎవరో ఇచ్చిన సరుకు పరచుకున్నవాడు, అతని నుంచి రాబట్టేది కూడా ఉండదు. వెతకవలసింది అతనికి సరుకు ఇచ్చినవారిని. దిగుమతి చేసినవారు, ప్యాక్ చేసినవారు, పంపిణీ చేసినవారు అందరూ చట్టం ప్రకారం విక్రేతలే. తయారీదారు ఎవరో తెలియని సరుకుకు విక్రేతే బాధ్యత వహించాలి. డబ్బా ఉంటే దాని మీద దిగుమతిదారు చిరునామా ఉందేమో, ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. నంబరు నిజమో కాదో, ఆ గుర్తును ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో తెలుస్తుంది. గుర్తు లేకపోయినా, దొంగ గుర్తైనా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు, బీఐఎస్‌కు ఫిర్యాదు చేయండి. ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ల విషయంలో 2022లో అది ఆ అధికారాన్ని వాడింది కూడా.

దిగుమతిదారు దొరికితే, బాబు తరఫున తల్లిదండ్రులుగా మీరు ఆసుపత్రి ఖర్చులకూ పరిహారానికీ ఫిర్యాదు చేయవచ్చు. యూపీఐలో చెల్లించి ఉంటే ఆ ఎంట్రీయే బిల్లు. బొమ్మను అలాగే ఒక కవరులో పెట్టి మూయండి, ఊడిన మూతను తిరిగి బిగించకండి. బాబు గొంతులోంచి తీసిన బ్యాటరీ ఆసుపత్రిలో ఇంకా ఉంటే ఈ రోజే వెళ్లి, తేదీ వేసి డాక్టరు సంతకంతో మీకు ఇమ్మని అడగండి. వారం దాటితే దాన్ని పారేస్తారు.