రాయగడలో ఇల్లు చూపించిన బ్రోకరు కాగితాలు చూపించడం లేదు, ఏం చేయాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైంది. ఒడిశాలోని రాయగడలో పాత ఇల్లు ఒకటి చూశారు, ఇంట్లో అందరికీ నచ్చింది. బ్రోకరు మాత్రం పట్టా కాపీ అడిగితే రేపు మాపు అంటున్నాడు. ఓనరు నంబరు ఇవ్వడు, మీరు చేస్తే ఫోన్ ఎత్తడు. తనకి అవసరమైనప్పుడు మాత్రం తనే చేసి, వేరే పార్టీ రెడీగా ఉంది, ఆదివారంలోగా లక్ష బయానా ఇవ్వకపోతే ఇల్లు పోతుంది అంటున్నాడు. మీకు ఒడియా చదవడం రాదు. ఇలాంటి బ్రోకరుతోనే మా కుటుంబం ఇదే ఊళ్లో ఇల్లు కొన్నది, అందుకని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆదివారం బయానా ఇవ్వకండి. పట్టాలో ఎవరి పేరుందో తెలియకుండా, ఓనరుతో నేరుగా మాట్లాడకుండా రూపాయి కూడా చేతులు మారకూడదు. వేరే పార్టీ నిజంగానే ఉండి ఆ ఇల్లు పోతే పోనివ్వండి. బాధగానే ఉంటుంది, కానీ ఊళ్లో ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మన తెలుగువాళ్లకి రాయగడలో ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఏమిటంటే, బజారులో, గుడిలో, స్టేషన్ దగ్గర అంతా తెలుగులోనే గడిచిపోతుంది. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన వాళ్లకి వేరే రాష్ట్రంలో ఉన్నామనే అనిపించదు. తీరా ఇల్లు కొనే దగ్గరికి వచ్చేసరికి పట్టా ఒడియాలో, తహసీల్ ఆఫీసులో నోటీసులు ఒడియాలో. అక్కడ మనకి రెండు భాషలూ వచ్చిన మనిషి కావాల్సి వస్తుంది, ఆ మనిషి బ్రోకరే అవుతాడు. ఇల్లు చూపించేదీ, కాగితం చదివి చెప్పేదీ, ధర మాట్లాడేదీ అతనే అయితే అతను ఏం చెబితే అదే మనకి నిజం. దానికి తోడు 2025 జనవరిలో రైల్వే డివిజన్ భవనానికి ప్రధాని శంకుస్థాపన చేశాక, స్టేషన్ చుట్టుపక్కల ఏ ఇంటి గురించి మాట్లాడినా ఆ మాట ముందుకొస్తుంది. డివిజన్ వస్తోంది, రేపటికి ధర పెరుగుతుంది, తొందరపడండి అని.

అతను కాగితాలు ఎందుకు చూపించడం లేదు అంటే నాకు తెలిసినంతవరకు కారణం రెండింట్లో ఒకటి. ఒకటి, అతని దగ్గర అసలు కాగితాలు లేవు. ఓనరుకి తెలిసిన బ్రోకరు ఇంకొకరు, ఆయనకి తెలిసినవాడు ఈయన. మధ్యలో కమీషన్ పోతుందేమోనని నంబరు ఇవ్వడు. రెండోది, కాగితంలో ఏదో ఉంది, అది బయటపడితే బేరం ఆలస్యమవుతుందని అతనికి తెలుసు. మొదటిదైతే సర్దుకోవచ్చు. రెండోదైతే అదేమిటో బయానాకి ముందే మనకి తెలియాలి.

మా విషయంలో రెండోది జరిగింది. మా నాన్నగారిని నోరారా బాబాయ్ అని పిలిచేవాడు ఆ బ్రోకరు. ఇంటికి ఒక్కరే ఓనరు, రిటైరైన మాస్టారు, ఏ గొడవా లేదు అన్నాడు. పట్టా అడిగితే మాస్టారు ఊళ్లో లేరని ఒకసారి, జిరాక్సు షాపులో ఉందని ఒకసారి చెప్పాడు. మా అమ్మ ఒక పని చేసింది. పట్టా వద్దులే బాబూ, ఖాతా నంబరు, ప్లాటు నంబరు, మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు చెప్పు చాలు అంది. కాగితం ఇవ్వనివాళ్లు కూడా నంబర్లు చెప్పడానికి పెద్దగా వెనకాడరు. అతను వాట్సాప్‌లో పంపాడు.

ఆ మూడు వివరాలు ఉంటే చాలు, ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్లో పట్టా ఎవరైనా చూడొచ్చు. జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరుతో గానీ ప్లాటు నంబరుతో గానీ వెతకాలి. డబ్బు కట్టక్కర్లేదు. అది చూసుకోవడానికే పనికొస్తుంది, రిజిస్ట్రేషన్‌కి, బ్యాంకుకి తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. చదివి చెప్పడానికి బ్రోకరుతో సంబంధం లేని మనిషిని పట్టుకోండి. ఇక్కడ ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మాకు ఎదురింటి అమ్మాయి చదివిపెట్టింది.

అందులో ఉన్న పేరు మాస్టారిది కాదు, చనిపోయిన వాళ్ల నాన్నగారిది. అంటే ఆస్తి వారసులందరిదీ. మాస్టారికి ఇద్దరు చెల్లెళ్లు, ఒకావిడ జయపురంలో, ఒకావిడ పార్వతీపురంలో. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకీ కొడుకుతో సమానంగా వాటా ఉంటుంది. పెళ్లికి ఇవ్వాల్సింది ఇచ్చేశాం అనే మాట ఇంట్లో చెల్లుతుందేమో గానీ రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు. వాళ్ల సంతకాలు లేకుండా మేం కొనుంటే, రేపు వాళ్లు గానీ వాళ్ల పిల్లలు గానీ వాటా అడిగే హక్కుతోనే ఉండేవారు.

అప్పుడు మేం బ్రోకరుతో వాదించలేదు. ఇరుగుపొరుగుని అడిగి మాస్టారి ఇల్లు తెలుసుకుని సాయంత్రం నేరుగా వెళ్లాం. ఆయన చాలా మంచి మనిషి. ‘మా చెల్లెళ్లు సంతకం పెడతారండీ, ఆ సంగతి మొదట్లోనే మీ బ్రోకరుకి చెప్పాను కదా’ అన్నారు. అంటే అతనికి మొదటి నుంచీ తెలుసు. ముగ్గురి సంతకాలు, వారసుల సర్టిఫికెట్, పేరు మార్పు అంటే నెలలు పడుతుంది, ఈలోగా మేం వెనక్కి తగ్గుతామేమోనని దాచాడు. నిజంగానే నెలలు పట్టింది. తహసీల్దార్ దగ్గర వారసుల సర్టిఫికెట్ తీసుకుని, పట్టా ముగ్గురి పేర్ల మీదకి మార్పించుకుని, ఆ తర్వాతే ముగ్గురూ కలిసి మాకు అమ్మారు. ఈ రోజు ఆ ఇంట్లో ఏ టెన్షన్ లేకుండా ఉంటున్నామంటే మాస్టారూ, ఆ ఇద్దరు ఆడపడుచులూ మాట మీద నిలబడ్డారు కాబట్టే.

మీరు పట్టా చూసేటప్పుడు పేరు ఒక్కటే చూసి ఆగిపోవద్దు. మన ప్రాంతంలో దానికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒడిశా పట్టాలో పేరు పక్కన కులం కూడా రాసి ఉంటుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. ఆంధ్రా వైపు ఏజెన్సీలో వన్ ఆఫ్ సెవెంటీ (1970 నాటి భూబదిలీ రెగ్యులేషన్ 1) అంటామే, ఇక్కడ అలాంటిది 1956 నాటి రెగ్యులేషన్ 2. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. 2002 సవరణ తర్వాత అనుమతి తెచ్చుకుని కొనే దారి కూడా మూసుకుపోయింది. ఆంధ్రా ఏజెన్సీకీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. అక్కడ గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మడం కూడా కుదరదు, ఇక్కడ కుదురుతుంది. అందుకే మనలాంటివాళ్లు ఇక్కడ ఇళ్లు కొనగలుగుతున్నారు. దళితుల భూమిని ఇతరులు కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 22 కింద రెవెన్యూ అధికారి అనుమతి ముందుగా ఉండాలి.

కాబట్టి ఇప్పటి ఓనరు ఎవరు అన్నదాంతో పాటు, ఆయన ఎవరి దగ్గర కొన్నాడు, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు అన్నది కూడా వెనక్కి వెళ్లి చూడాలి. మధ్యలో ఎక్కడైనా గిరిజనుల నుంచి అక్రమంగా చేతులు మారి ఉంటే, ఆ భూమిని తిరిగి వాళ్లకి ఇప్పించే అధికారం అధికారులకి ఉంది. అది న్యాయమైన చట్టమేనని నేను నమ్ముతాను, ఈ నేల వాళ్లది. స్టాంపు పేపరు మీద రాసుకుందాం, పవర్ ఆఫ్ అటార్నీ చేయిస్తాను, ఏమీ కాదు అని ఏ బ్రోకరైనా అంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఇంకో మాట మాట్లాడక్కర్లేదు.

పట్టాలో కిసం (భూమి రకం) అనే గడిలో ఘరబారి అని ఉందో లేదో చూడండి, అంటే ఇంటి స్థలం. సాగు భూమి అని ఉంటే దాన్ని ఇంటి స్థలంగా మార్పించారా అని అడగాలి. విస్తీర్ణం డెసిమల్‌లో ఉంటుంది. మన సెంటూ అదీ ఒకటే, 435.6 చదరపు అడుగులు. బ్రోకరు చెప్పిన కొలతతో పోల్చుకోవడం తేలిక. తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాలున్న పత్రం, తీయించండి, వీలైతే 30 ఏళ్లకి. లోన్ తీసుకునే ఉద్దేశం ఉంటే ఇంకా మంచిది, బ్యాంకు లాయరు ఇవన్నీ మళ్లీ చూస్తాడు. మీ దగ్గర డబ్బు ఉన్నా సరే, ఫీజు ఇచ్చి ఒక లాయరు చేత అభిప్రాయం రాయించుకోండి. ఆ లాయరుని బ్రోకరు తేకూడదు, మీరే వెతుక్కోవాలి.

ఇక బ్రోకరుతో ఎలా మాట్లాడాలి. కోపం చూపించి లాభం లేదు, అతని భయం కమీషన్ గురించే కాబట్టి దాని గురించే ముందు మాట్లాడండి. మేం అతనికి చెప్పింది దాదాపు ఇదే: ‘చూడు బాబూ, ఇల్లు చూపించింది నువ్వే, నీ కమీషన్ ఎక్కడికీ పోదు. ఎంతో ఇప్పుడే అనుకుందాం, వాట్సాప్‌లో రాసుకుందాం. కానీ రిజిస్ట్రేషన్ రోజే ఇస్తాం, ముందు ఇవ్వం. ఓనరుతో మాత్రం మేమే మాట్లాడుకుంటాం.’ ఆ తర్వాత అతని తీరు కొంత మారింది, ఫోన్లు ఎత్తాడు. ఇక్కడ సాధారణంగా ఒక శాతం నుంచి రెండు శాతం వరకు అడుగుతారు. చట్టంలో రేటంటూ ఏమీ లేదు, మాట్లాడుకున్నదే. ఓనరు దగ్గర కూడా తీసుకుంటున్నాడా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఓనరు దొరికాడు కదా అని బ్రోకరుని పూర్తిగా ఎగ్గొట్టమని కొందరు సలహా ఇస్తారు. నాకది సరైన పని అనిపించదు. ఇల్లు చూపించిన శ్రమకి ఇవ్వాల్సింది ఇవ్వాలి. కాగితాల పని చేయలేదు కాబట్టి తగ్గించి ఇస్తామని మొహం మీద చెప్పాం, మాట్లాడుకున్న దాంట్లో సగం ఇచ్చాం, అతనూ ఒప్పుకున్నాడు. చిన్న ఊరు, రేపు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఎదురుపడతాం.

బయానా విషయం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాక ఇచ్చేటప్పుడు కూడా బ్రోకరు చేతికి వద్దు, ఓనరు బ్యాంకు ఖాతాకి పంపండి. స్థిరాస్తి కోసం 20,000 రూపాయలు గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఈ మాట చెబితే ఓనర్లే నగదు వద్దంటారు. అగ్రిమెంటులో వారసులందరి పేర్లు, గడువు, కాగితాల్లో తేడా వస్తే బయానా ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నది రాయించండి.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఫిర్యాదు చేయొచ్చా అని కూడా అడిగారు. మీరు చూసింది పాత సొంత ఇల్లు కాబట్టి అది రెరా కిందకి రాదు. 500 చదరపు మీటర్లు దాటిన కొత్త లేఅవుట్లు, 8 ఫ్లాట్లు దాటిన కొత్త అపార్ట్‌మెంట్లు అయితే వస్తాయి. వాటిని అమ్మే ఏజెంటు భువనేశ్వర్‌లోని ఒడిశా రెరా దగ్గర నమోదై ఉండాలి, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మీ బ్రోకరు ఇప్పటికే ఏమైనా ఫీజు తీసుకుని పని చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. రశీదు లేకపోయినా యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజులు దాచి ఉంచండి.

ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు స్టాంపు డ్యూటీ గుర్తుపెట్టుకోండి. ఒడిశాలో మగవారి పేరు మీద 5 శాతం, ఆడవారి పేరు మీద 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంకో 2 శాతం. మేం అమ్మ పేరు మీద చేయించాం. రిజిస్ట్రేషన్ అయిపోగానే బ్రోకర్లు కనిపించరు, కానీ పని అక్కడితో అయిపోదు. తహసీల్‌లో మ్యుటేషన్ జరిగి పట్టాలో మీ పేరు ఎక్కాలి, మున్సిపాలిటీలో హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను), కరెంటు మీటరు మీ పేరుకి మారాలి. పాత కరెంటు బాకీ ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే ఓనరు చేత కట్టించండి. మ్యుటేషన్ పని కూడా బ్రోకరే చూస్తానని ఒప్పుకుంటే కమీషన్‌లో కొంత ఆపి, భూలేఖ్‌లో మీ పేరు కనిపించాక ఇవ్వండి.